నలభై ఏడో నంబరు నడక

జనం వ్యాయామం ఎందుకు మానేస్తారు అనే విషయం మీద ఈ రాష్ట్రంలో నా అంత చదివినవాడు లేడు. గొప్పకి చెప్పడం కాదు, ఆ విషయం చదివింది నేనొక్కడినే. ఇరవై రెండేళ్ళ కిందట 'మధ్యలో మానేసినవారి మనస్తత్వం' అని నాలుగు వందల పేజీల సిద్ధాంత గ్రంథం రాసి డాక్టరేటు తీసుకున్నాను. ఆ తర్వాత రాసిన పద్నాలుగు వ్యాసాలూ దాని పిల్లలే. జనవరి ఒకటిన బూట్లు కొనుక్కుని, తొమ్మిదో తారీఖున వాటిని మంచం కిందకి తోసేసేవాళ్ళే ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టారు. నేను మాత్రం ఏనాడూ వ్యాయామం మానలేదు. మొదలుపెడితే కదా మానడానికి.

నా పేరు కొండేపూడి భాస్కరం. మా విశ్వవిద్యాలయంలో వ్యాయామ, క్రీడా మనస్తత్వ శాస్త్ర విభాగానికి అధిపతిని. నేను, సుజన అనే పరిశోధక విద్యార్థిని, ఒక బీరువా కలిస్తే ఆ విభాగం. అసోసియేట్ ప్రొఫెసరుగా అప్పటికి పదకొండేళ్ళ నుంచి ఒకే మెట్టు మీద నిలబడి ఉన్నాను. పై మెట్టు ఎక్కాలంటే పెద్ద ప్రాజెక్టు ఒకటి పూర్తి చేసి ఉండాలని నిబంధన. అందుకని ఒకటి రాశాను.

అందులో పెద్ద విశేషం లేదు. సిబ్బందిలో నూట ఇరవై మందిని తీసుకుని చీటీలు వేసి రెండుగా విడదీయాలి. ఒక అరవై మంది రెండేళ్ళపాటు రోజూ పదివేల అడుగులు నడవాలి. మిగతా అరవై మంది ఎప్పటిలా ఉండాలి. అందరి చేతికీ అడుగులు లెక్కపెట్టే వాచీ కడతాం. చివర్లో వీళ్ళనీ వాళ్ళనీ పోల్చి చూస్తాం. ప్రపంచంలో ఎక్కడైనా ఇలాగే చేస్తారు. పైవాళ్ళు మంజూరు చేశారు. చిక్కంతా మా రిజిస్ట్రారు త్రివిక్రమరావు గారి దగ్గర వచ్చింది.

"ఎప్పటిలా ఉండాలి అని రాశారు. ఎప్పటిలా అంటే ఏమిటండీ భాస్కరం గారూ? ఇందులో నిర్దిష్టత లోపించింది. రేపు ఆడిట్ వారు ప్రశ్నిస్తే ఏ కాగితం చూపిస్తాం?"

"వాళ్ళని ఏమీ చేయకుండా వదిలేయడమేనండి."

"వదిలేయడానికి కూడా ఒక విధానం ఉండాలి" అన్నారాయన. మర్నాడు ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, సదరు పరిశోధన నిమిత్తము ఏర్పాటు కాబడిన రెండవ బృందము ఇకమీదట నిశ్చల బృందముగా వ్యవహరింపబడును. బృంద సభ్యులు విధి నిర్వహణలో గానీ, విధి నిర్వహణ లేని సమయములో గానీ, అత్యవసరమైనవి మినహా ఎట్టి కదలికలకూ పాల్పడరాదు. ఏవి అత్యవసరమో నిర్ణయించుటకు ఉపసంఘము నియమింపబడినది."

నేను అభ్యంతరం చెప్పవలసింది. కానీ ప్రాజెక్టు మీద రిజిస్ట్రారు గారికి ఇంత శ్రద్ధ కలగడం నా పదోన్నతికి శుభసూచకమని అనిపించి ఊరుకున్నాను.

ఉపకులపతి గారు స్టీలు బకెట్టులోంచి చీటీలు తీశారు. నిశ్చల బృందంలో నలభై ఏడో నంబరు కింద వచ్చిన పేరు నూకరాజు, మార్కరు.

మార్కరంటే ఆటల మైదానంలో గీతలు గీసే మనిషి. మా పరుగుబాటకి ఎనిమిది వరసలు. వానకి, గేదెలకి, పిల్లల కాళ్ళకి గీతలు చెరిగిపోతూనే ఉంటాయి. నూకరాజు రోజూ తెల్లవారగానే సున్నం బండి తోసుకుంటూ ఎనిమిది వరసలూ తిరిగి మళ్ళీ గీసేవాడు. అది మూడు కిలోమీటర్ల పైమాట. ముప్పై ఒక్క ఏళ్ళు అలా తిరిగాడు. వంపు తిరిగేచోట అడుగు ఎక్కడ పడాలో అతని కాలికే తెలుసు, టేపు పట్టగా నేను చూడలేదు. షుగరుంది. మందులు సగం, ఆ నడక సగం తనని నిలబెడుతున్నాయని డాక్టరు చెప్పాడట.

ఉత్తర్వు వచ్చిన మర్నాడే నా గదికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అయ్యగారండి, నేను నడవకూడదని రాసేరంటండి కాయితంలో."

"రెండేళ్ళే నూకరాజూ. నువ్వే సంతకం పెట్టావుగా."

"పెట్టేనండి. టీ ఇచ్చి పెట్టమన్నారండి. మరి గీతలెవరు గీత్తారండి?"

"కమిటీ వేస్తున్నారు."

"కమిటీ గీత్తాదాండి?" అన్నాడు. వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగాడు. "నాకు నడక మందండి. ఎవరితోనన్నా మార్చుకోనియ్యండి, ఆ నడిచేవాళ్ళలోకి పోతాను."

సైన్సు కోసం సామాన్యులు చేసిన త్యాగాల గురించి అతనికి ఒక పావుగంట చెప్పాను. నిలబడే విన్నాడు. నిలబడటం అత్యవసరమా కాదా అన్నది అప్పటికింకా ఉపసంఘం తేల్చలేదు.

మొదటి నెలలో నిశ్చల బృందాన్ని చూసి అందరూ జాలిపడ్డారు. రెండో నెలలో ఉపసంఘం సమావేశమై మెట్లెక్కడం అత్యవసరం కాదని తీర్మానించింది. దాంతో అప్పటిదాకా ఉపకులపతి గారు, ఆయన భోజనం క్యారియరు మాత్రమే ఎక్కే లిఫ్టుని నిశ్చల బృందానికి కేటాయించారు. తర్వాత టీ వాళ్ళ బల్ల దగ్గరికే రావడం మొదలైంది. ఆ వెనకే హాజరు పట్టీ వచ్చింది. ఐదో నెలకి గేటు నుంచి సీటు దాకా బ్యాటరీ బండి పెట్టారు. గుమస్తా కదలకూడదు కనక ఫైలే కదలాలని ఒక సభ్యుడు వాదించాడు గానీ, ఫైలు కదలాలంటే ఎవరో ఒకరు చెయ్యి కదపాలని గ్రహించి ఆ అంశాన్ని వాయిదా వేశారు.

ఇక మా ఇంటికి జనం రావడం మొదలుపెట్టారు. అరటిగెలలతో వచ్చారు, అల్లుళ్ళని వెంటబెట్టుకుని వచ్చారు. నిశ్చల బృందంలో చోటు కావాలి. ఆర్థిక శాస్త్రం ఆచార్యులొకాయన తన హోదాకి నడక తగదని వినతిపత్రం ఇచ్చాడు. సీనియారిటీ ప్రకారం నిశ్చలత్వం కల్పించాలని ఉద్యోగ సంఘం ధర్నా చేసింది. ధర్నాకి నిశ్చల బృందం వాళ్ళు కూర్చున్న చోటి నుంచే మద్దతు ప్రకటించారు.

"ఎవరు ఎటు వెళ్ళాలో చీటీలే తేల్చాలండి, లేకపోతే పరిశోధనే కాదు" అని రిజిస్ట్రారు గారి దగ్గర మొత్తుకున్నాను.

"చీటీలకు విచక్షణ ఉండదండీ. యాజమాన్యానికి ఉంటుంది" అన్నారాయన. పదహారు మంది చిన్న ఉద్యోగుల్ని నడక బృందంలోకి దింపి, పదహారు మంది పెద్దల్ని నిశ్చల బృందంలోకి ఎక్కించారు. అందులో మొదటి పేరు త్రివిక్రమరావు గారిదే. వారం తిరక్కుండా ఆయన గది ముందు పలక మీద పదవి కింద 'నిశ్చల బృంద సభ్యులు' అని కూడా చేరింది.

అదను చూసి నేను నూకరాజు సంగతి ఎత్తాను. ఇందరు లోపలికి రావాలనుకుంటుంటే బయటికి పోతానంటున్నది అతనొక్కడే, మార్చేస్తే సరిపోతుందన్నాను. రిజిస్ట్రారు గారు కళ్ళజోడు సవరించుకుని పట్టిక తిరగేశారు.

"కుదరదండీ. నిశ్చల బృందములో ప్రతి వర్గానికీ ప్రాతినిధ్యం ఉండాలని మేమే రాసుకున్నాం. మైదాన సిబ్బంది వర్గంలో మంజూరైన పోస్టు ఒక్కటి. ఆ ఒక్కరూ ఈయనే. ఈయన కదిలితే ఆ వర్గం కదలిపోతుంది."

నేను నమస్కారం పెట్టి వచ్చేశాను. అడిగాననే తృప్తి మిగిలింది.

నడక బృందం సంగతి సుజన చెప్పింది. వాచీల అంకెలు కాగితం మీద పరిచి, "సార్, ఈ తొమ్మిదిమందీ నిన్న సరిగ్గా పదివేల నూట నాలుగు అడుగులు నడిచారు. మొన్న కూడా తొమ్మిదిమందీ సమానమే. నిమిషాలతో సహా" అంది.

వెళ్ళి చూస్తే పరీక్షల విభాగం అటెండరు మోచేతుల దాకా తొమ్మిది వాచీలు కట్టుకుని మైదానం గట్టు మీద నడుస్తున్నాడు. స్టెనో గారు తన వాచీని ఇంట్లో ఉయ్యాలకి కట్టేశారు. మనవడు నిద్రపోయినంతసేపూ ఆయన నడుస్తున్నారు.

"ఏం చేద్దాం సార్?" అంది సుజన.

తొమ్మిదిమంది మనుషులు ఒకే అడుగులో ఒకే లయలో నడవడం మా శాస్త్రంలో చాలా అరుదైన విషయమని ఆమెకి వివరించాను. దాన్ని సామూహిక ప్రేరణ అంటారు. ఆ అంకెలతోనే వేరే వ్యాసం రాసి పంపితే మూడు నెలల్లో అచ్చయింది. సుజన ఆ వ్యాసంలో తన పేరు వద్దంది. ఈ కాలం పిల్లలకి పట్టుదల తక్కువ.

పదో నెలలో వార్షిక క్రీడోత్సవం వచ్చింది. గీతల కమిటీలో ఒక గణితాచార్యుడు, ఒక ఇంజినీరు, కొనుగోళ్ళ అధికారి ఉన్నారు. ఏసీ గదిలో కూర్చుని ముగ్గురూ పటం గీశారు. దాన్నిబట్టి కూలీలు సున్నం పోశారు. తీరా చూస్తే మొదటి వరస తిరిగి తిరిగి వచ్చి రెండో వరసలో కలిసింది. మొదటి వరస మొదలుకీ చివరికీ మధ్య గజమున్నర ఖాళీ మిగిలింది. కమిటీ అత్యవసరంగా సమావేశమై ఆ ఖాళీకి 'పరివర్తన ప్రాంతం' అని పేరు పెట్టి బోర్డు పాతించింది. నాలుగు వందల మీటర్ల పరుగులో మొదటి వరస పిల్లాడు, రెండో వరస పిల్లాడు ఒకే గీత మీద ఒకరినొకరు గుద్దుకున్నారు. ఇద్దరికీ బంగారు పతకాలు, కట్లు ఇచ్చి పంపాం.

నూకరాజుని బ్యాటరీ బండిలో తీసుకొచ్చి గొడుగు కింద కుర్చీలో కూర్చోబెట్టారు. నేను పక్కనే ఉన్నాను.

"అయ్యగారండి, ఆ తూరుపు వంపు సూడండి. లోనికి తోసేసేరండి. అక్కడ తప్పితే ఇంకెక్కడా కలవదండి. పది నిమిషాలు ఒదిలెయ్యండి, సరిచేసొచ్చేత్తాను."

"కూర్చో నూకరాజూ. వాచీ లెక్కపెట్టేస్తుంది."

కూర్చున్నాడు. ఆ తర్వాత మైదానం వైపు చూడలేదు, సాయంత్రం దాకా తన కాళ్ళ వైపే చూసుకున్నాడు. అప్పుడు నాకేమీ అనిపించలేదని రాయాలని ఉంది గానీ, కొంచెం అనిపించింది. భోజనాల వేళకి పోయింది.

పద్నాలుగో నెలలో దరఖాస్తు తీసుకుని వచ్చాడు. సుజన రాసిపెట్టింది. లోపలికి రావడానికి గోడ పట్టుకున్నాడు.

"కాళ్ళు కట్టెల్లాగైపోతన్నాయండి. షుగరు మూడొందలు దాటిందంటండి. ఒగ్గెయ్యండయ్యగారండి, ఇంక నావల్ల కాదు."

అంగీకార పత్రంలో ఆ వెసులుబాటు నిజంగానే ఉంది. సభ్యులు ఎప్పుడైనా తప్పుకోవచ్చు, ప్రధాన పరిశోధకుడి సిఫారసు ఉంటే చాలు. ప్రధాన పరిశోధకుణ్ణి నేనే. ఈసారి రిజిస్ట్రారు గారి మీదకి నెట్టడానికి లేదు.

"నూట ఇరవై మందిలో ఒకరు తగ్గితే లెక్కలకి ఏం కాదు సార్" అంది సుజన.

లెక్కలకి కాదు. కానీ ఒక్కరు కూడా మధ్యలో మానేయని పరిశోధన ప్రపంచంలో ఎక్కడా లేదు. మానేసేవాళ్ళ మీద జీవితమంతా గడిపినవాడు ఒక్కరినీ మానేయకుండా చూశాడంటే పదోన్నతి సంఘం లేచి నిలబడుతుంది. దరఖాస్తు అడుగున 'ఈ దశలో సిఫారసు చేయలేను' అని రాసి తేదీ వేశాను. నా చేతిరాత బాగుంటుంది.

నూకరాజు చదువుకోలేదు. "ఒప్పుకున్నారాండి?" అని సుజనని అడిగాడు. సుజన అతని చెయ్యి పట్టుకుని బండి దాకా తీసుకెళ్ళింది. ఆ రోజు నుంచి నాతో అవసరమైనంతవరకే మాట్లాడింది.

రెండేళ్ళు పూర్తయ్యాయి. అందరినీ తూచాం, రక్తాలు తీశాం. నడక బృందం సగటున రెండు కిలోలు పెరిగింది. నిశ్చల బృందమూ రెండు కిలోలే పెరిగింది. రెంటికీ తేడా లేదు. నూట ఇరవై మందిలో ఒక్కరూ మానలేదు. పరీక్షల విభాగం అటెండరు మాత్రం పద్నాలుగు కిలోలు తగ్గి కుర్రాడిలా తయారయ్యాడు గానీ, అతను ఏ బృందంలోనూ లేడు కనక లెక్కలోకి రాడు. నడకకీ ఆరోగ్యానికీ సంబంధం లేదని రుజువు చేసిన మొదటి విశ్వవిద్యాలయం మాదేనని ఉపకులపతి గారు సభలో ప్రకటించారు. నాకు శాలువా కప్పారు. నెలలోగా ప్రొఫెసర్నయ్యాను.

శాలువా కప్పిన రోజు సాయంత్రం సుజన ఒక కాగితం నా బల్ల మీద పెట్టింది.

"మొత్తం వాచీలు మళ్ళీ చూశాను సార్. అందరివీ అబద్ధాలే. నిశ్చల బృందం వాళ్ళు కూడా సాయంత్రాలు షాపింగులు చేశారు, తిరుపతి కొండ నడిచెక్కారు. నిజం చెప్పిన వాచీ ఒక్కటే. నలభై ఏడో నంబరు. రోజుకి సగటున రెండు వందల పది అడుగులు. మంచం నుంచి దొడ్లోకి, దొడ్లోంచి మంచానికి. రెండేళ్ళూ అంతే."

"ఎవరూ చూడనప్పుడు కూడానా?"

"సంతకం పెట్టాడు కదా సార్" అంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈసారి అనిపించింది మాత్రం ఆ పూట భోజనం చేసినా పోలేదు.

ఇలాంటి విజయాన్ని యాజమాన్యం ఒక్కసారితో వదలదు. రెండో దశకి ఉత్తర్వు వచ్చింది. "నిశ్చల బృందమును ఇకమీదట చలింపజేయవలెను. సదరు సభ్యులు రోజుకు పదివేల అడుగులకు తక్కువ కాకుండా నడువవలెను. నడువని వారిపై క్రమశిక్షణా చర్యలు గైకొనబడును." ఉత్తర్వు అందిన రోజే రిజిస్ట్రారు గారి వాచీ పరీక్షల విభాగం అటెండరు చేతికి చేరింది.

నూకరాజుకి సంగతి చెప్పడానికి నేనే వాళ్ళ క్వార్టరుకి వెళ్ళాను. అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక, కింద గోనెపట్టా మీద పెట్టుకున్నాడు.

"నూకరాజూ, ఇప్పుడు నడవచ్చు."

"ఆర్డరు కాయితం వచ్చిందాండి?"

"వచ్చింది."

కుర్చీ చేతుల మీద బలం వేసి లేవబోయాడు. మోకాళ్ళు సగంలో ఆగిపోయాయి. రెండోసారి ప్రయత్నించి కూర్చుండిపోయాడు.

"నాకొచ్చిందండి, కాళ్ళకింకా అందలేదండి" అన్నాడు మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది. ప్రొఫెసరు ఏడవడానికి విధానం ఏమీ లేదు కనక ఉత్తర్వు కాగితం మళ్ళీ మడతపెట్టాను.

పదిహేను రోజులకి అతనికి మెమో వచ్చింది. ఉన్నతాధికారుల ఆదేశాలను ధిక్కరించి ఉద్దేశపూర్వకంగా కదలకుండా కూర్చున్నందుకు సంజాయిషీ కోరుతూ రిజిస్ట్రారు గారు లిఫ్టులో సంతకం పెట్టారు. నూకరాజు రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలు. క్రమశిక్షణ కేసు పడితే ముప్పై మూడేళ్ళ సర్వీసు చివర మచ్చతో ఇంటికి పోవాలి. మెమో చేత్తో పట్టుకుని మళ్ళీ ఆ అరుగు దగ్గరికే వెళ్ళాను.

"నీ వాచీ నాకియ్యి నూకరాజూ. నీ బదులు నేను నడుస్తాను."

"తప్పు కాదాండి?"

"తప్పే. నా సంతకం మీద నువ్వు కూర్చున్నావు. నీ సంతకం మీద నేను నడుస్తాను."

చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు. చేతి వాచీ విప్పలేదు.

"ఊరికే నడిత్తే ఏం లాభమండి. ఎలాగూ నడుత్తారు కాబట్టి సున్నం బండి తోసుకెళ్ళండి. అలాగైతే ఇత్తాను."

మర్నాడు తెల్లవారాక సుజన, నేను కలిసి అతన్ని మైదానానికి తీసుకెళ్ళి తూర్పు వంపు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాం. గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. పరివర్తన ప్రాంతం బోర్డు మీద కాకి ఉంది. యాభై నాలుగేళ్ళ వయసులో నేను మొదటిసారి బూట్లు కట్టుకున్నాను. మొదటి వరస సగంలోనే రొప్పు వచ్చింది. మూడో రోజుకి మడమలు పగిలాయి. నా గ్రంథంలో తొమ్మిదో రోజున మానేసేవాళ్ళకి ఒక అధ్యాయం మొత్తం ఉంది. తొమ్మిదో రోజు వచ్చింది, వెళ్ళింది. నేను మానలేదు.

రిజిస్ట్రారు గారు మెమో ఉపసంహరించుకుని, నలభై ఏడో నంబరు చూపిన అసాధారణ ప్రగతికి కారణాలు అధ్యయనం చేసి నివేదించమని నన్నే ఆదేశించారు. దానికో ప్రశ్నావళి ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట నేనే తయారుచేశాను. 'మీరు వ్యాయామం ఎందుకు మొదలుపెట్టారు' అనే ప్రశ్నకి ఆరోగ్యం, అందం, స్నేహితులు, వైద్యుని సలహా అని నాలుగు గడులు. ఇన్నేళ్ళలో వేలమంది చేత టిక్కులు పెట్టించాను. ఆ పొద్దున కుర్చీ పక్కన కూలబడి, చెమట తుడుచుకుంటూ, కలం తీసి నాలుగూ చదివాను. నాది అందులో లేదు.

"నూకరాజూ, నలభై ఏడో నంబరు ఎందుకు నడుస్తున్నాడని అడుగుతున్నారు. ఏం రాయమంటావు?"

అతను నేను గీసిన గీతనే చూస్తున్నాడు.

"వంపు కాడ కాలు ఇంకా లోనికే ఏత్తన్నారండి. ముందది సూసుకోండి" అన్నాడు.

ప్రశ్నావళి కుర్చీ కింద పెట్టి బండి వెనక్కి తిప్పుకున్నాను.